కత్తిరించిన ఆఖరి వాక్యం

మా ఆఫీసు ఆరో అంతస్తులో ఆడవాళ్ల వాష్‌రూమ్‌లో మూడో తలుపుకు గడియ సరిగా పడదు. తలుపును భుజంతో కొంచెం పైకెత్తి, అప్పుడు గడియ జరపాలి. ఈ కిటుకు ఆ అంతస్తులో ఇద్దరికే బాగా తెలుసు. ఒకరు అక్కడ హౌస్‌కీపింగ్ చేసే యాదమ్మ. రెండోదాన్ని నేను. జూన్ నుంచి నవంబరు దాకా ఆ తలుపు వెనక నేను గడిపిన సమయం నా సీటులో గడిపిన సమయం కన్నా మరీ తక్కువేం కాదు.

నాకు యాభై మూడేళ్లు. ఇరవై రెండేళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు మహిళల పేజీ. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో, ఫోన్లలో కనిపించే ఆరోగ్య సమాచారాన్ని తెలుగులో సరిచూసే పని. ఎవరెవరి జబ్బుల గురించో రాసిన వాక్యాలు దిద్దుతూ జీతం తీసుకున్నదాన్ని. నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఐదు నెలలు తప్పుదారిలో నడిచాను. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ నాకు నష్టం చేసింది ఆ సిగ్గే కాబట్టి దాని మాట ఇంక వినదలుచుకోలేదు.

జూన్

వానలు ఇంకా నిలదొక్కుకోని రోజులు. మొదట దురద వచ్చింది. నార్సింగి నుంచి ఆఫీసుకు వెళ్లే కంపెనీ బస్సులో నలభై నిమిషాలు, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, పళ్లు బిగబట్టి కూర్చునేంత దురద. రెండు రోజుల తర్వాత పెరుగు విరిగినట్టు తెల్లగా, ముద్దలుగా కనిపించింది. మూత్రానికి వెళితే మంట.

నాకు భయం వేయలేదు. ఇది నాకు తెలిసిందే అనుకున్నాను. మా మహిళల పేజీలో వారం వారం ఒక డాక్టరు గారు పాఠకురాళ్ల ప్రశ్నలకు జవాబులిచ్చేవారు. వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం తెల్లబట్ట గురించే. 'ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను' అని మొదలయ్యేవి. కింద సంతకం ఉండేది కాదు. ఆ జవాబులు దిద్దీ దిద్దీ నాకు కంఠతా వచ్చేశాయి. దురద, పెరుగులాంటి తెలుపు, వాసన లేదు: అంటే ఫంగస్. దానికి ఫలానా మాత్ర.

మా వీధి మలుపులో మందుల షాపు ఉంది. నేను వెళ్లేసరికి కౌంటరు ముందు ఇద్దరు మగవాళ్లున్నారు. వాళ్లు వెళ్లేదాకా పళ్లపొడి అర ముందు నిలబడి పేర్లు చదువుకున్నాను. తర్వాత మాత్ర పేరు కాగితం మీద రాసి ఇచ్చాను. షాపాయన చదివి, నా మొహం చూడకుండా, మాత్రను నల్ల కవరులో వేసి ఇచ్చాడు. నల్ల కవరు నేను అడగలేదు.

మూడు రోజుల్లో తగ్గింది. చూశావా, డాక్టరు దగ్గరికి వెళ్లి గంట కూర్చునే పని తప్పింది అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

జూలై, ఆగస్టు

తిరిగొచ్చింది. మళ్లీ అదే మాత్ర. తగ్గింది. మూడు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి షాపాయన కాగితం కూడా చదవలేదు. "పోయినసారిదే కదా మేడమ్?" అని తల వంచుకునే అడిగి, నల్ల కవరు అందించాడు.

శుభ్రం చాలడం లేదేమో అనుకున్నాను. ఆడదానికి అక్కడ ఏమైనా అయిందంటే శుభ్రం తక్కువై ఉంటుందన్న అనుమానం ఎంత చదువుకున్నా పోదు. సువాసనల లోషన్ ఒకటి తెచ్చాను. అది చాలదని ఉప్పు నీళ్లు. అదీ చాలదని గాయాలు కడిగే మందు బకెట్లో కలిపి పొద్దునా సాయంత్రమూ కడిగాను. మంట పెరిగింది. మంట పెరిగిందంటే మందు పనిచేస్తోందని సంతోషించాను.

వరలక్ష్మీ వ్రతానికి పక్క ఫ్లాటువాళ్లు పిలిచారు. పీట మీద కూర్చుని కథ వింటున్నానే గానీ, ఎప్పుడు లేద్దామా అన్నదే ధ్యాస. వాయనం తీసుకున్నవాళ్లలో అందరికన్నా ముందు ఇంటికి వచ్చింది నేనే. "ఆమెకు ఎప్పుడూ ఆఫీసు పనే" అని వెనక ఎవరో నవ్వడం వినిపించింది.

ఇంట్లో నేను వేరే గదికి మారాను. మా ఆయన శేఖర్‌ది ప్రొద్దుటూరు. నార్సింగిలో స్థలాల వ్యాపారం. నోరు పెద్దదే గానీ మనసు మెత్తన. గురక వల్ల నిద్ర పట్టడం లేదని ఆయనతో చెప్పాను.

"ఇరవై ఎనిమిదేండ్లుగా లేని గురక ఇప్పుడొచ్చిందా నాకు?" అన్నాడు.

"ఎప్పుడూ ఉంది. ఓర్చుకున్నా."

"అయితే నేను హాల్లో పండుకుంటా. నువ్వెందుకు పోతాండావు?"

నేను దిండు తీసుకుని వెళ్లిపోయాను. తర్వాతి రెండు నెలలూ మా మధ్య మాటలన్నీ పాలు, గ్యాసు, కరెంటు బిల్లు గురించే.

సెప్టెంబరు

ఈసారి తేడా వచ్చింది. దురద తక్కువ. తెలుపు పోయి, బూడిద రంగులో నీళ్లలా పలచగా అవుతోంది. వాసన. చేపలు కడిగిన నీళ్ల వాసన.

లక్షణం మారిందంటే జబ్బు మారి ఉండొచ్చని ఆలోచించాల్సింది. నేను ఆలోచించింది మాత్ర చాలడం లేదని. ఒకటి వేసుకునే చోట రెండు వేసుకున్నాను. ఏమీ తగ్గలేదు.

ఆ వాసన నాకొక్కదానికే వస్తోందా, అందరికీ వస్తోందా? ఆ నెలంతా నా బుర్రలో ఇంకో ప్రశ్న లేదు. మీటింగు గదిలో అందరికన్నా ముందు వెళ్లి తలుపు పక్క కుర్చీ పట్టుకునేదాన్ని. సెంటు కొట్టుకునేదాన్ని. మా టీమ్ లీడ్ నా కూతురి వయసు పిల్ల. "ఏంటి మేడమ్, రోజూ ఫంక్షన్‌కి వెళ్తున్నట్టు ఘుమఘుమలాడుతున్నారు?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, లేచి, వాష్‌రూమ్‌కి వెళ్లి, భుజంతో ఆ తలుపు ఎత్తి గడియ వేసుకుని, కమోడ్ మూత మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

బయటికి వచ్చేసరికి యాదమ్మ అద్దాలు తుడుస్తోంది. నాగర్‌కర్నూల్ వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి. హఫీజ్‌పేట్‌లో ఉంటుంది. మా ఇద్దరికీ అప్పటిదాకా నవ్వుల పరిచయమే.

"మేడమ్, తప్పుగ అనుకోకుండ్రి. దినాం గిన్నిసార్లొస్తుండ్రు. నీళ్లు గూడ మస్తు తాగుతుండ్రు. షుగర్ గిట్ల చూపిచ్చుకున్నరా?"

"నాకు షుగరేంటి యాదమ్మా, మా ఇంట్లో ఎవరికీ లేదు."

"మా ఆడబిడ్డ గూడ గట్లనే అన్నది. గోకి గోకి పుండ్లు జేస్కున్నది. సూస్తే షుగర్."

ఆమె అంత సూటిగా చెప్పడం నాకు నచ్చలేదు. విసుగ్గా చేతులు కడుక్కుని వెళ్లిపోయాను. మర్నాడు మూడో తలుపు వెనక ఒక కొత్త ప్లాస్టిక్ మగ్గు, కొక్కేనికి వేలాడుతూ ఉతికిన మెత్తటి నూలుగుడ్డ కనిపించాయి. టిష్యూ కాగితం రాపిడికి మంట ఎక్కువవుతుందని ఆమెకు ఎవరు చెప్పారో. ఆమె అడగలేదు. నేను థాంక్స్ చెప్పలేదు. నవంబరు దాకా ప్రతి ఉదయం అక్కడ ఉతికిన గుడ్డ ఉంది.

అక్టోబరు

దసరా సెలవుల తర్వాత మొదటి సోమవారం. మూడో తలుపు వెనక, ఆ తెల్లటి నూలుగుడ్డ మీద గులాబి రంగు మరక.

నాకు నెలసరి ఆగిపోయి రెండేళ్లు దాటింది.

కాసేపు ఆ మరకను చూస్తూ కూర్చున్నాను. దురదకు గోళ్లు గీసుకుని ఉంటాయిలే అనుకున్నాను. మధ్యాహ్నం మళ్లీ కనిపించింది. ఈసారి గులాబి కాదు, ఎరుపు. గుడ్డను చుట్టి చెత్తబుట్టలో అడుగున దాచబోతుంటే తలుపు తెరుచుకుంది. కంగారులో గడియ సరిగా పడలేదు. ఎదురుగా యాదమ్మ.

ఆమె గుడ్డ చూసింది, నన్ను చూసింది. వెనక్కి వెళ్లి, బయటి తలుపుకు 'క్లీనింగ్ జరుగుతోంది' అన్న పసుపు బోర్డు అడ్డంగా పెట్టి వచ్చింది.

"మీకు ఆగిపోయిందని మొన్న మాటల్ల చెప్తిరి గద మేడమ్. మల్ల ఇదేంది?"

"ఏం లేదు. గీరుకుంది."

"ఎన్ని దినాలసంది?"

"ఇవాళే. చిన్నదే యాదమ్మా, అదే తగ్గుతుంది."

యాదమ్మ తుడుపుకర్ర గోడకానించింది. "మా అత్త గిట్లనే అన్నది. ఆగిపోయిన మూడేండ్లకు చుక్కపడ్డది. గిదేందే అంటే, ఏం గాదు, ఒళ్లు కాకజేసింది అన్నది. జర జర అనుకుంట ఏడాది ఎల్లదీసింది. దవాఖానకు తోలుకపోయే యాల్లకు డాక్టర్లు చేతులెత్తిన్రు. ఆగినంక ఒక్క చుక్క పడ్డా ఆలస్యం జెయ్యొద్దని గప్పుడు చెప్పిన్రు మాకు. ఏం ఫాయిదా?"

ఒక్క చుక్క. ఆమె చెప్పిన ఆ వాక్యం నాకు కొత్త కాదు. ఆ వాక్యాన్ని నా చేత్తో ఎన్నోసార్లు కొట్టేశాను.

పేపరు డెస్కు పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. వార్త స్థలానికి మించితే కింది నుంచి కోస్తాం. ముఖ్యమైనది పైన, తక్కువ ముఖ్యమైనది కింద ఉంటుందన్నది మా నమ్మకం. అందుకని తోక కోస్తే నష్టం లేదు. ఆ డాక్టరు గారి జవాబులు ప్రతివారం ఒకే తీరుగా ముగిసేవి. తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే, జ్వరమో పొత్తికడుపు నొప్పో ఉంటే, గర్భిణి అయితే, రుతుక్రమం ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, సొంత వైద్యం మానేసి డాక్టరుకు చూపించుకోవాలి. ప్రకటన పెద్దదైన వారం ఆ వాక్యం పోయేది. ఎలాగూ ప్రతివారం ఉండేదే కదా, అందరికీ తెలిసిందే కదా అని ఆ పని చేసింది నేనే. నేను కోయకుండా వదిలింది మందుల పేర్లున్న భాగం.

ఒకసారి ఆవిడ ఫోన్ చేశారు.

"నా ఆఖరి లైను మళ్లీ తీసేశారండీ."

"స్థలం చాల్లేదు డాక్టర్ గారూ."

"స్థలం చాలకపోతే నా పేరు, ఫొటో తీసేయండి. ఆ లైను మాత్రం ఉంచండి."

ఆవిడకు కొంచెం చాదస్తం అని పక్క సీటు వాళ్లతో అన్నాను. రెండు వారాలు ఉంచాను. మూడో వారం మళ్లీ కోశాను.

నేను కోసిన వాక్యాన్ని ఆ పేజీ ఎన్నడూ చదవని మనిషి తుడుపుకర్ర పక్కన నిలబడి నాకు అప్పజెప్పింది.

"మా స్టేషన్ కాడ ఒక డాక్టరమ్మ ఉన్నది మేడమ్. పాత మనిషి. కసురుకోదు, చెప్పినంత ఇంటది. మా కోడలు కాన్పు గాడనే అయింది. ఇయ్యాల్నే పోండ్రి."

ఆ సాయంత్రం శేఖర్‌కి చెప్పాను. జూన్ నుంచీ జరిగిందంతా. ఆయన టీవీ ఆపేశాడు.

"షాపాయనకు తెల్సు. ఆఫీసులో యాదమ్మకు తెల్సు. నాకు తెలీదు. నేనేమన్నా పరాయోడినా?"

"ఎట్ల చెప్పాల నీకు?"

"నోటితో చెప్పాల. అందరూ ఎట్ల చెప్తారో అట్లనే." గట్టిగానే అన్నాడు. తర్వాత తన అరచేతులు చూసుకున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది. "నా వల్లనా?"

"తెలీదు. డాక్టరే చెప్పాల."

"అయితే రేపు పోదాం పా. ఇద్దరం."

హఫీజ్‌పేట్ స్టేషను దగ్గరి ఆ క్లినిక్‌లో వెయిటింగ్ గది చిన్నది. పది కుర్చీలు, ఒక ఫ్యాను, గోడ మీద పసిబిడ్డల బొమ్మలు. కుర్చీలన్నిట్లో కడుపుతో ఉన్న అమ్మాయిలు. యాభై మూడేళ్లదాన్ని నేనొక్కదాన్నే. శేఖర్ బయట మెట్ల మీద నిలబడ్డాడు, లోపల మగవాళ్లెవరూ లేరని. నర్సు పేరు పిలిచినప్పుడల్లా అందరం తలలెత్తేవాళ్లం. పక్కనున్న అమ్మాయి తన వాటర్ బాటిల్ నా వైపు జరిపింది.

డాక్టరమ్మకు అరవై పైనే ఉంటాయి. కోస్తా మనిషని మాటలో తెలిసింది.

"చెప్పండమ్మా. ఎన్నాళ్లయిందండీ?"

ఇరవై రెండేళ్లు మాటలతో బతికినదాన్ని, మొదటి వాక్యం దొరకలేదు. 'అక్కడ' అన్నాను. 'ఆ ప్రాబ్లెమ్' అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి కూర్చున్నారు. తొందరపెట్టలేదు. ఆ తర్వాత మొత్తం చెప్పేశాను.

"ఏమేం వాడారు?"

జాబితా చెప్పాను. మాత్ర, లోషను, ఉప్పు నీళ్లు, గాయాల మందు.

"మా వంటావిడ గిన్నెల్ని కూడా అంత తోమదండీ," అన్నారావిడ. నవ్వించడానికే అన్నా, నాకు నవ్వు రాలేదు. "లోపలిభాగం తనను తనే శుభ్రం చేసుకుంటుందమ్మా. పైపైన మామూలు నీళ్లు చాలు. మీరు కడిగింది మురికిని కాదు, కాపలా కాసే మంచి క్రిముల్ని. వాటిని తరిమేస్తే వేరేవి చేరాయి. మొదట వచ్చింది ఫంగసే అయి ఉంటుంది. తర్వాత వచ్చింది బ్యాక్టీరియా. వాసన అందుకే. దానికి మందు వేరు. దగ్గు మందు రెండు చెంచాలు తాగితే విరేచనాలు తగ్గుతాయా అండీ?"

పరీక్ష చేశారు. పరదా వెనక ఆ ఐదు నిమిషాలు భయపడినంత లేదు. ప్రతి పనికీ ముందు చెప్పి చేశారు. నర్సు నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది, అంతే. కానీ ఆ చెయ్యి తీయలేదు. కొంచెం ద్రవం గాజు పలకకు రాసి పక్క గదికి పంపారు.

మళ్లీ కుర్చీలో కూర్చున్నాక, శేఖర్‌ను కూడా లోపలికి పిలిచారు.

"మీ ఆయనకు మందు అక్కర్లేదండీ. ఇద్దరూ కలిసి వాడాల్సిన రకం ఇంకోటుంది, స్లైడులో అది కనపడలేదు." శేఖర్ ఊపిరి వదలడం నాకు వినిపించింది. "ఇంక రెండో మాట. దాచకుండా చెప్తాను. నెలసరి ఆగి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే, అది క్యాన్సరు కాదని తేల్చుకునేదాకా మేం వదలమండీ. చాలామందికి కాదు. కానీ చూడకుండా 'కాదు' అనే హక్కు నాకు లేదు, మీకూ లేదు. స్కాన్ చేస్తాం. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పంపిద్దాం. షుగరు కూడా."

స్కాన్‌లో పొర ఉండాల్సిన దానికన్నా కాస్త మందంగా ఉందన్నారు. ముక్క తీశారు. తీసేటప్పుడు నొప్పి పుట్టింది, పళ్లు బిగబట్టాను. రిపోర్టుకు ఎనిమిది రోజులు.

షుగరు ఫలితం మాత్రం ఆ సాయంత్రమే ఫోనుకు వచ్చింది. ఉంది. కొత్తగా వచ్చింది కూడా కాదట. ఫంగస్ మళ్లీ మళ్లీ రావడానికి అదే కారణం కావచ్చన్నారు. యాదమ్మ అద్దం తుడుస్తూ చెప్పిన మాట.

ఎనిమిది రోజులు

రాసిన మందుకు నాలుగు రోజుల్లో వాసన పోయింది. నెలల తరబడి దేని కోసం అల్లాడానో అది పోయింది గానీ సంతోషించే తీరిక లేకపోయింది. మందంగా ఉంది అన్న ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను.

శేఖర్ ఆ జబ్బు పేరు పలకలేదు. టీవీలో దాని ప్రకటన వస్తే రిమోటు కోసం తడుముకునేవాడు. పొద్దున్నే అన్నం మానిపించి జొన్నరొట్టెలు చేయడం మొదలుపెట్టాడు. మొదటిరోజు రొట్టె విరిగి నాలుగు ముక్కలైంది. "షుగరుకు ముక్కలే మంచిదంట" అన్నాడు. నా దిండు మళ్లీ మా గదిలోకి వచ్చింది. తెచ్చింది ఆయనే. రాత్రి గురక పెట్టకుండా ఉండడానికి ఆయన మెలకువగా పడుకుంటున్నాడని రెండో రోజు కనిపెట్టాను.

"గురక అబద్ధం శేఖర్. నిద్రపో."

"తెల్సు" అన్నాడు గానీ నిద్రపోలేదు.

ఐదో రోజు ఆఫీసులో ఒక కార్డు నా ముందుకు వచ్చింది. ఫోను తెర మీద కనిపించే చిన్న సమాచారం ముక్కను అక్కడ కార్డు అంటారు. విషయం: ఆడవారిలో తరచూ వచ్చే ఇన్ఫెక్షన్లు.

టీమ్ లీడ్ నా సీటు దగ్గరికొచ్చింది. "మేడమ్, స్క్రీన్‌లో ఆరు లైన్లే పడతాయి. ఏడోది కిందికి పోతోంది. 'డాక్టర్‌ని ఎప్పుడు కలవాలి' అనేది ఎలాగూ కామన్ లైనే కదా. తీసేద్దామా?"

మౌస్ మీద నా వేలు ఆగిపోయింది.

"మొదటి లైను తీసేయమ్మా. ఇది పైకి తీసుకురా."

"మొదటిది ఇంట్రో కదా మేడమ్? దురద, మంట అంటే ఏంటో చెప్పేది."

"దురద పెడుతున్నవాళ్లకు దురద అంటే ఏంటో మనం చెప్పాలా?"

ఆ పిల్ల నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఆర్ యూ ఓకే మేడమ్?" అంది. తెలీదు అన్నాను. ఆ వారమంతా నేను చెప్పిన నిజమైన జవాబు అదొక్కటే. ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, తనే ఆ లైను పైకి జరిపింది.

నవంబరు

రిపోర్టు రోజు శేఖర్ కూడా వెయిటింగ్ గదిలోనే కూర్చున్నాడు, గర్భిణుల మధ్య, మోకాళ్లు దగ్గర పెట్టుకుని. పిలిచేసరికి గంట పట్టింది. డాక్టరమ్మ కవరు మా ముందే చించారు. కాగితం మడత విప్పి, మొదటి పేజీ చదివి, రెండో పేజీ తిప్పారు. గోడగడియారం టిక్కుమనడం ఆ గదిలో అంత గట్టిగా వినిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"క్యాన్సరు లేదండీ."

ముందు ఆ మాట, తర్వాతే మిగతాది. వార్త రాయడం తెలిసిన మనిషి. లోపల చిన్న కండ ఒకటి పెరిగిందట, ప్రమాదం లేనిది, దాన్ని తర్వాత తీశారు. వయసుతో యోని గోడలు పలచబడి, నేను అదే పనిగా కడగడంతో మరింత ఒరుసుకుపోయాయి. దానికి క్రీము. షుగరుకు మందులు, నడక.

"మళ్లీ చుక్క కనపడితే?" అని శేఖర్ అడిగాడు.

"అదే రోజు రండి. నల్ల కవరు దగ్గరికి కాదు."

మెట్లు దిగుతూ శేఖర్ ముక్కు చీదుకున్నాడు. దుమ్ము అన్నాడు. హఫీజ్‌పేట్‌లో దుమ్ముకు కొదవ లేదు కాబట్టి నేను వాదించలేదు.

మర్నాడు పొద్దున యాదమ్మ కోసం వెతికాను. వాష్‌రూమ్ చివర బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది. చెప్పాను. లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. తడి గ్లౌజులు కూడా తీయలేదు.

"మంచిగైంది తల్లీ. నేను ఎంత పరేషానైననో మీకేమెరుక."

మళ్లీ బకెట్ మీద కూర్చోబోతూ నడుము పట్టుకుంది. అప్పుడు చూశాను. నెలల తరబడి ఆమె నన్ను చూస్తూ ఉంది. నేను ఆమెను చూడలేదు.

"మేడమ్, ఒకటి అడుగుతా. మీకు తగ్గింది గద, గా గోలి పేరు జర రాసియ్యుండ్రి."

"ఎవరికి?"

"నాకే." అద్దం వైపు తిరిగి చెప్పింది. "తెల్లబట్ట. పచ్చగ అయితుంది. నాల్గు నెల్లసంది. కిందపొట్టల గుంజుతది. పొద్దుమీకితే కాక వస్తది."

నా బ్యాగులో వాడగా మిగిలిన మాత్రలున్నాయి. చెయ్యి బ్యాగు జిప్పు దాకా వెళ్లింది కూడా. అలవాటు అలాంటిది. అడిగింది నా కోసం రోజూ గుడ్డ ఉతికి పెట్టిన మనిషి. జ్వరం అంది, పొత్తికడుపు నొప్పి అంది. నా పాత ఆఖరి వాక్యంలోని రెండు మాటలు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నన్ను ఆ రోజే తరిమావు కదా యాదమ్మా. మీ అత్త సంగతి చెప్పి మరీ. మరి నువ్వెందుకు పోలేదు?"

"చెప్పుడు వేరు మేడమ్. పోవుడు వేరు." నవ్వింది. "కోడలి ముంగట ఎట్ల పోవాలె? ఈ వయసుల ముసల్దానికి గిదేం రోగమని అనుకోదా? లోపల ఏమేం అడుగుతరో, ఏం జెప్పాల్నో."

"నా మాత్ర నీకు పనికిరాదు. నాకే పనికిరాలేదు. సాయంత్రం షిఫ్టు దిగాక కింద గేటు దగ్గర ఉండు. ఇద్దరం పోదాం."

"ఇయ్యాల్నా?"

"ఇయ్యాల్నే. నువ్వే కదా అన్నావు."

సాయంత్రం అవే కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. యాదమ్మ యూనిఫాం మీద చున్నీ కప్పుకుంది. కంపెనీ గుర్తింపు కార్డు మెడలోంచి తీసి, తాడు చుట్టి నా చేతిలో పెట్టింది. నర్సు ఆమె పేరు పిలిచినప్పుడు లేచి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చింది.

"ఏమని జెప్పాలె మేడమ్? మొదాలు ఏం జెప్పాలె?"

"నాకు చెప్పినట్టే చెప్పు. ఆవిడ ఆగుతుంది. ఎంతసేపైనా ఆగుతుంది."

"నువ్వు ఈడనే ఉంటవా?"

అంతకుముందు నన్నెప్పుడూ నువ్వు అనలేదు.

"ఇక్కడే ఉంటా."

లోపలికి వెళ్లింది. తలుపు కొంచెం కిందికి కుంగి ఉంది, పూర్తిగా మూసుకోలేదు. సందులోంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"చెప్పండమ్మా. ఎన్నాళ్లయిందండీ?"

ఆమె కార్డు తాడును నా వేళ్లకు చుట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. తర్వాత యాదమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

నేను లేచి వెళ్లి ఆ తలుపును కొంచెం పైకెత్తి దగ్గరికి వేశాను.